కొడుకు చోటుకు అద్దె ఉండదు



మన తెలుగు పిల్లలు చాలామంది ఫిలిప్పీన్స్‌లోని దావావో పట్టణంలో వైద్యం చదువుతున్నారు. మన గోదావరి జిల్లాల నుండి, కడప నుండి కువైట్ వెళ్ళిన అక్కచెల్లెళ్ళు ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళతో కలిసి ఒకే ఇంట్లో వంట చేస్తున్నారు, పిల్లలను పెంచుతున్నారు. ఈ రెండు దారుల్లోనూ ఆ దేశపు పాటలు, సినిమాలు మన ఫోన్లలోకి వస్తున్నాయి. అలా వచ్చిన ఒక సినిమా గురించి కొందరు మమ్మల్ని అడిగారు. ముగ్గురు కొడుకులు, ముగ్గురూ గే, వాళ్ళను పెంచిన ఒక తల్లి. అదీ నవ్వులాటగా తీసిన కథ. "అయ్యగారూ, ఇలాంటివి మన పిల్లలు చూడవచ్చా?" అని వాళ్ళ ప్రశ్న.

చూడవచ్చా, చూడకూడదా అన్నది చిన్న ప్రశ్న. ఆ కథ మన ముందు పెట్టే ప్రశ్న పెద్దది. కొడుకు మనం అనుకున్నట్టు లేడని తెలిసిన రాత్రి ఆ ఇంట్లో వాడి కంచం ఎక్కడ ఉంటుంది? మేము చెప్పదలచిన మాట ఒక్కటే. కొడుకు చోటుకు అద్దె ఉండదు. నవ్వించి కట్టే అద్దె వద్దు, సంపాదించి కట్టే అద్దె వద్దు, పెళ్ళి చేసుకుని కట్టే అద్దె అసలే వద్దు. అద్దె అడిగే తల్లిదండ్రులతోను, అడగమని నేర్పే బోధకులతోను మాకు వాదం ఉంది. ఆ వాదమే ఈ వ్యాసం.

దీవెన అడిగే మాట

ఆ సినిమా పేరు 'మనాయ్ పో'. 2006లో రీగల్ సంస్థ తీసింది. దర్శకుడు జోయెల్ లమాంగన్. తల్లి లూజ్‌గా చెర్రీ పై పికాచె నటించింది. కొడుకులుగా పోలో రవాలెస్, జాన్ ప్రాట్స్, జీరో మాన్యో నటించారు. 2008లో రెండో భాగం కూడా వచ్చింది.

'పో' అన్నది అక్కడి మర్యాద మాట. మనం "అండి" అన్నట్టే వాళ్ళు పెద్దల దగ్గర "పో" అంటారు. చిన్నవాళ్ళు పెద్దల చెయ్యి అందుకుని తమ నొసటికి ఆనించుకుంటారు. అలా దీవెన అడిగేటప్పుడు అనే మాట 'మనో పో'. ఇదే సంస్థ 2002 నుండి ఆ పేరుతో గంభీరమైన కుటుంబ కథలు కొన్ని వరుసగా తీసింది. ఈ నవ్వుల సినిమా పేరు ఆ దీవెన మాటకు చాలా దగ్గరగా వినిపిస్తుంది. మాకు అది ఊరికే వచ్చిన పోలికగా అనిపించలేదు. ఇంట్లో ఉన్న ప్రతి బిడ్డా, వాడు ఎలాంటివాడైనా, పెద్దల చెయ్యి కోసం చూస్తూనే ఉంటాడు. ఏశావు ఎంత మొరటువాడో మనకు తెలుసు. అయినా తండ్రి దగ్గర దీవెన మిగల్లేదని తెలిసినప్పుడు బిగ్గరగా ఏడ్చాడు. ఆ ఏడుపును వాక్యం దాచిపెట్టలేదు.

సినిమాలో వెకిలితనం లేదని మేము అనము. అరుపులు, వేషాలు, వెక్కిరింపులు ఉన్నాయి. కానీ ఆ ఇంటి కథకు మధ్యలో ఒక తల్లి ఉంది. ఆ కొడుకులు ఆమె కొడుకులు కాకుండా పోరు. ఆ మేరకు మన ఇళ్ళు కొన్ని ఆ సినిమా కంటే వెనుకబడి ఉన్నాయి.

నవ్వు అనే అద్దె

ఫిలిప్పీన్స్ క్రైస్తవ దేశం. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 78.8 శాతం మంది రోమన్ కాథలిక్కులు. ఆడతనం ఉన్న మగవాణ్ణి అక్కడ 'బక్లా' అంటారు. ప్రతి వీధిలోని జుట్టు కత్తిరించే దుకాణంలో, ప్రతి టీవీ కార్యక్రమంలో, ప్రతి ఊరి ఉత్సవంలో బక్లా ఉంటాడు. సమాజం స్వలింగ సంపర్కులను అంగీకరించాలా అని ప్యూ పరిశోధన సంస్థ 2013లోను, 2019లోను అడిగితే అక్కడ 73 శాతం మంది అంగీకరించాలనే చెప్పారు. ఇది విని కొందరు "చూశారా, వాళ్ళు ఎంత మంచివాళ్ళో" అంటారు. ఇంకొందరు "చూశారా, ఎంత చెడిపోయారో" అంటారు. ఇద్దరూ తొందరపడుతున్నారు.

ఎందుకంటే అదే దేశంలో, ఉద్యోగంలోను బడిలోను ఇలాంటివారిపై వివక్ష చూపకూడదనే బిల్లు మొదటిసారి 2000 సంవత్సరంలో పెట్టారు. 2017 సెప్టెంబరులో దిగువ సభ ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా దానిని ఆమోదించింది. సెనేట్‌లో అది ఆగిపోయింది, చట్టం కాలేదు. టీవీలో నవ్వించడానికి పనికొచ్చినవాడు చట్టంలో ఒక వాక్యానికి పనికిరాలేదు. నవ్వు చాలా చవక. మన జేబులోంచి ఏమీ తీయదు.

ఆ దేశపు హాస్య రారాజు డాల్ఫీ. 1969లో వచ్చిన 'ఫసిఫికా ఫలేఫే'తో ఆయన బక్లా పాత్రకు పెద్ద పేరు తెచ్చాడు. అలాంటి పాత సినిమాల పద్ధతి మనకు తెలియనిదేమీ కాదు. నడక చూపించి నవ్విస్తారు, గొంతు మార్చి నవ్విస్తారు, అన్నలో తండ్రో కొట్టి మగాణ్ణి చేయబోతే దానికీ నవ్విస్తారు. మన తెలుగు సినిమాల్లో "తేడా" అన్న ఒక్క మాట చాలు, హాలంతా ఘొల్లుమంటుంది. ఆ హాలులో పదిహేనేళ్ళ కుర్రాడు ఒకడు నాన్న పక్కన కూర్చుని ఉంటాడు. నాన్న నవ్వు వాడికి వినిపిస్తుంది. ఆ రోజు వాడు ఒక నిర్ణయం తీసుకుంటాడు. ఈ మాట ఈ మనిషికి ఎప్పటికీ చెప్పకూడదు, అనుకుంటాడు. తరువాత పదేళ్ళకు ఆ తండ్రి వచ్చి "మా వాడు మాతో మనసు విప్పి మాట్లాడడు అయ్యగారూ" అంటాడు.

నోవహు డేరాలో వస్త్రహీనుడై పడి ఉన్నప్పుడు హాము చూశాడు, బయటకు వెళ్ళి అన్నదమ్ములకు చెప్పాడు. షేము, యాపెతు ఒక వస్త్రం తీసుకుని వెనుకకు నడిచి, ముఖం తిప్పుకుని తండ్రిని కప్పారు. ఇంటివాడి సంగతి బయట నలుగురిలో పెట్టినవాడికి ఏమి దక్కిందో, కప్పినవారికి ఏమి దక్కిందో మనకు తెలుసు. మన వాట్సాప్ గుంపుల్లో పక్కింటి అబ్బాయి నడక వీడియో తీసి పంపి నవ్వే సహోదరులారా, మీరు ఆ కథలో ఎవరి పక్కన నిలబడ్డారో చూసుకోండి.

సంపాదన అనే అద్దె

రెండో అద్దె మరీ మర్యాదగా ఉంటుంది. 2011లో 'ప్రైవేట్ బెంజమిన్' అనే హాస్యచిత్రం అక్కడ విపరీతంగా ఆడింది. వైస్ గాండా అనే ప్రసిద్ధ హాస్యనటుడు అందులో సైనిక వంశంలో పుట్టిన గే మనవడు. వంశం పరువంతా యుద్ధంలోను, పతకాల్లోను ఉంది. మనవడు సైన్యంలో చేరి వీరుడైన తరువాతే ఆ వంశం అతనివైపు తలెత్తి చూస్తుంది. జనం చప్పట్లు కొట్టారు. మేము ఒక్కటే అడుగుతున్నాం. వాడు వీరుడు కాకపోయి ఉంటే? కాళ్ళు వణికి వెనక్కి వచ్చేసి ఉంటే? అప్పుడు వాడు మనవడు కాదా?

ఆ దేశంలో చాలా ఇళ్ళు విదేశాల నుండి వచ్చే డబ్బుతో నడుస్తాయి. అందులో గే కొడుకులు పంపే డబ్బు కూడా ఉంటుంది. తమ్ముళ్ళ ఫీజులు కట్టాడు, తండ్రికి వైద్యం చేయించాడు, ఇంటికి శ్లాబు వేయించాడు, అందుకని ఊరుకున్నారు. ఊరుకోవడం వేరు, చేర్చుకోవడం వేరు. మన దగ్గర కూడా ఈ లెక్క ఉంది. నెలనెలా డబ్బు వేస్తున్నంత కాలం "ఏదో వాడి తత్వం అంతే" అంటారు. ఉద్యోగం పోయిన నెలలో వాడి తత్వం ఇంటికి అరిష్టం అయిపోతుంది. తండ్రి ప్రేమ బ్యాంకు మెసేజీ వచ్చిన రోజే గుర్తుకు వస్తే, ఆ కొడుకు బిడ్డగా కాదు, కిరాయిదారుగా బతుకుతున్నాడు.

ఈ అద్దె చచ్చినా తీరదని చూపించిన సినిమా కూడా ఆ దేశం నుండే వచ్చింది. 2016లో జున్ రోబ్లెస్ లానా తీసిన 'డై బ్యూటిఫుల్'. మగబిడ్డగా పుట్టి స్త్రీగా బతికిన ట్రిషా అందాల పోటీలో గెలిచి, వెంటనే చనిపోతుంది. శవ జాగరణ జరిగే ఒక్కో రాత్రి తనను ఒక్కో అలంకారంలో ఉంచమని కోరింది. తండ్రి మాత్రం మగవాడి దుస్తులు వేసి పూడ్చిపెట్టాలని పట్టుబడతాడు. స్నేహితులు శవాన్ని దాచి ఆమె కోరిక తీరుస్తారు. ఆ పాత్రకు పావోలో బలెస్టెరోస్‌కు టోక్యో అంతర్జాతీయ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. అందులోనూ నవ్వులున్నాయి. కానీ బతికి ఉన్నప్పుడు ఇంట్లో చోటు ఇవ్వని తండ్రి, శవం మీద హక్కు కోసం రావడం చూస్తే నవ్వు గొంతులో ఆగిపోతుంది. సమాధి దగ్గర ప్రార్థన చేయించడానికి మాత్రమే బిడ్డను సొంతం చేసుకునే తల్లిదండ్రులు ఒక్క ఫిలిప్పీన్స్‌లోనే లేరు.

పెళ్ళి అనే అద్దె

పాత హాస్యచిత్రాలకు ఒక ముగింపు అలవాటు. బక్లా పాత్రకు చివరికి ఒక అందమైన అమ్మాయి కనబడుతుంది, వాడు "మగవాడు" అయిపోతాడు, పెళ్ళి బాజా మోగుతుంది. రెండున్నర గంటల్లో కథ ముగించాలి కాబట్టి సినిమావాళ్ళకు అది సులువు. అదే మందును మన పెద్దలు నిజమైన ఇళ్ళల్లో రాస్తున్నారు. "ఒక పెళ్ళి చేసేస్తే వాడే సర్దుకుంటాడు" అంటారు. కొందరు సేవకులు కూడా అలా సలహా ఇస్తున్నారు.

ఈ సలహా ఇచ్చేవారితో మేము గట్టిగా పోట్లాడుతున్నాం. ఆ పెళ్ళికూతురు ఎవరు? ఆమె కూడా మన సంఘంలో బిడ్డే. ఆమె తండ్రి పొలం అమ్మి పెళ్ళి చేశాడు. ఆమె తెల్లచీర కట్టుకుని దేవుని సన్నిధిలో నిలబడింది. తనను మందు సీసాలా కొని తెచ్చారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి "నీలోనే ఏదో లోపం" అని ఆమెనే అంటారు. ఒక కొడుకు పరువు కోసం ఇద్దరి బతుకులు నాశనం చేసి, పైగా దానికి స్తుతి కూడిక పెట్టడం దేవుని పేరును వ్యర్థంగా పలకడమే. సినిమాలో అబద్ధపు ముగింపు హాలు దాటితే మరచిపోతాం. ఇంట్లో అబద్ధపు ముగింపును ఆ ఇద్దరూ యాభై ఏళ్ళు మోయాలి.

తలుపుకు గడియగా వాక్యం

ఇక్కడ కొందరు అంటారు: "అయ్యగారూ, మీరు పాపాన్ని సమర్థిస్తున్నారా? తలుపు తెరిస్తే ఒప్పుకున్నట్టు కాదా?"

మేము వాక్యాన్ని పక్కన పెట్టమనడం లేదు. వాక్యాన్ని తలుపు గడియగా వాడవద్దంటున్నాం. ఫిలిప్పీన్స్‌లోనే ఆ పని జరిగింది. 2009లో 'ఆంగ్ లద్లాద్' అనే స్వలింగ సంపర్కుల పార్టీ ఎన్నికల్లో నమోదు కోసం వస్తే, ఎన్నికల సంఘం బైబిల్ వచనాలు, ఖురాన్ వచనాలు చూపించి తిరస్కరించింది. 2010 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. 2016లో మానీ పకియావ్, లోకమంతా ఎరిగిన బాక్సర్, తన విశ్వాసాన్ని బాహాటంగా చెప్పుకునే మనిషి, స్వలింగ సంబంధాల్లో ఉన్నవారు జంతువుల కంటే హీనమని టీవీలో అన్నాడు. తరువాత క్షమాపణ చెప్పాడు. నైకీ సంస్థ ఆయనతో ఒప్పందం తెంచుకుంది. కొన్ని నెలలకు ఆయన సెనేటర్‌గా గెలిచాడు. డబ్బు పోయింది, పదవి వచ్చింది. కానీ ఆ మాట విన్న ఇళ్ళల్లో ఎంతమంది తల్లులు ఆ రాత్రి తమ కొడుకు ముఖం చూడలేకపోయి ఉంటారు! దేవుడు తన స్వరూపంలో చేసిన మనిషిని పశువు కంటే కింద పెట్టడానికి ఏ విశ్వాసికీ అనుమతి లేదు.

ఒప్పుకున్నట్టు అవుతుందనే మాటకు జవాబు మన పల్లెలోనే ఉంది. కట్నం లెక్క తేలాకే పెళ్ళి ప్రార్థనకు పిలిచే ఇళ్ళున్నాయి. ఆ కొడుకును ఎవరైనా ఇంట్లోంచి గెంటారా? తాగి వచ్చి భార్యను కొట్టేవాడికి తల్లి అర్ధరాత్రి లేచి అన్నం పెడుతుంది. నూటికి పది వడ్డీ తీసుకునేవాడు గుడి ముందు వరుసలో కూర్చుంటాడు. వీళ్ళందరికీ కంచం ఉంది. ఒక్క ఈ బిడ్డకే ఎందుకు లేదు? వాడు ఎవరినీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. పరిశుద్ధత మీద ఆసక్తి అయితే ఆ ఆసక్తి అందరి మీదా సమానంగా ఉండాలి. ఒక్కడి మీదే ఉంటే అది ఊరివాళ్ళ నోటికి భయపడటమే.

కూలివాడుగా పెట్టుకోమని అడగబోయినవాడు

తప్పిపోయిన కుమారుడి కథ మనం ఎన్నోసార్లు విన్నాం. అందులో ఒక చిన్న సంగతి మీద నిలబడదాం. వాడు పందుల దగ్గర కూర్చుని ఒక ప్రసంగం తయారు చేసుకున్నాడు. కొడుకుగా వద్దు, కూలివాడుగా పెట్టుకో అని అడగాలనుకున్నాడు. అంటే చోటుకు అద్దె కడతానని బేరం సిద్ధం చేసుకున్నాడు. దారిలో తండ్రి ఎదురు పరుగెత్తాడు, మెడ మీద పడ్డాడు. వాడు సగం చెప్పేసరికే దాసులను పిలిచి అంగీ, ఉంగరం, చెప్పులు తెమ్మన్నాడు. కూలి సంగతి వాడి నోట రానే లేదు, తండ్రి రానివ్వలేదు.

ఆ ఇంట్లో అద్దె మాట మాట్లాడింది పెద్దకొడుకు ఒక్కడే. ఇన్నేళ్ళు నీకు చాకిరీ చేశాను, నాకు ఒక మేకపిల్ల కూడా ఇవ్వలేదు అని లెక్క తీశాడు. ఇంటి లోపల ఉండి కూడా వాడు కూలివాడుగానే బతికాడు. గే అయిన కొడుకును చిన్నకొడుకుతో పోల్చడం కోసం మేము ఈ కథ చెప్పడం లేదు. చాలామంది అలాంటి పిల్లలు ఏ ఆస్తీ పాడుచేయలేదు, ఏ దూరదేశానికీ పోలేదు, మనమే పంపించాం. ఇందులో మనం ఎవరిలా ఉన్నామో చూసుకోవడానికి చెబుతున్నాం. బయట నిలబడి లోపలికి రానన్నవాడు పెద్దకొడుకు. తండ్రి వాడి కోసం కూడా బయటికి వచ్చి బతిమాలాడు.

లినో బ్రోకా 1978లో తీసిన 'ఆంగ్ తతాయ్ కోంగ్ నానాయ్' కూడా ఇక్కడే చెప్పుకోవాలి. డాల్ఫీ అందులో కోరింగ్ అనే గే. తాను ప్రేమించినవాడు తన కొడుకును కోరింగ్ దగ్గర వదిలి వెళ్ళిపోతాడు. ఆ పిల్లవాడిని కోరింగ్ తల్లిలా, తండ్రిలా పెంచుతాడు. కన్నతల్లి తిరిగి వచ్చి అడిగినప్పుడు పిల్లవాడి మేలు కోసం మనసు చంపుకుంటాడు. పిల్లవాడి నుండి కోరింగ్ ఏ అద్దె అడగలేదు. లోకం ఎవరిని వెలివేసిందో అతనే బిడ్డను ఎలా పెంచాలో చూపించాడు. సమరయుడి కథ విన్నవాళ్ళకు ఇది కొత్త పాఠం కాదు.

తెలిసిన రాత్రి చేయవలసినవి

తల్లిదండ్రులారా, మీ కొడుకు ఆ మాట మీతో చెబితే, చెప్పేముందు వాడు ఎన్నో రాత్రులు నిద్రపోలేదని గుర్తుంచుకోండి. ఆ రాత్రి బంధువులకు ఫోన్ చేయకండి. సంబంధాలు చూడమని ఎవరికీ చెప్పకండి. దెయ్యం పట్టిందని మీటింగులకు ఈడ్చుకుపోయి జుట్టు పట్టించకండి. వాడు చెప్పింది మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, అన్నం పెట్టడానికి అర్థం కానక్కరలేదు. "తిన్నావా?" అని అడగండి. రోజూ అడిగే గొంతుతోనే అడగండి. వాక్యం గురించి మాట్లాడుకోవడానికి ముందు చాలా దినాలున్నాయి, ఆ దినాల్లో వాడు ఇంట్లో ఉండాలి, బతికి ఉండాలి.

తోటి సేవకులారా, బల్ల గుద్ది బోధించేటప్పుడు వెనుక బెంచీలో ఆ కుర్రాడు ఉన్నాడని తలచి బోధించండి. మీ మాట విని వాళ్ళ నాన్న ఇంటికి వెళ్ళి ఏం చేస్తాడో ఆ లెక్క మీ దగ్గరా అడుగుతారు.

దావావోలోనో, దుబాయ్‌లోనో, మన పక్క వీధిలోనో ఉండి ఇది చదువుతున్న బిడ్డా, నీవు ఎవరినీ నవ్వించనక్కరలేదు. డబ్బు పంపితేనే బిడ్డవు అనుకోకు. ఇంట్లో తలుపు మూస్తే సంఘంలో ఒక తలుపు తెరిచి ఉంటుంది, మా ఇంటి తలుపు తెరిచి ఉంటుంది. వచ్చి భోంచెయ్యి.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, మేము ఏమీ కట్టకముందే మమ్మును బిడ్డలుగా చేర్చుకున్నావు. మా ఇళ్ళలో బిడ్డల దగ్గర అద్దె అడిగే నోళ్ళను మూయుము. పరిహాసం చేసే పెదవులకు కప్పే చేతులు ఇయ్యుము. వెళ్ళగొట్టబడి ఈ రాత్రి బస్టాండులో పడుకున్న బిడ్డను కాపాడుము. వాని తల్లికి నిద్ర పట్టనీయకుము, తెల్లవారేలోగా ఆమెచేత తలుపు తీయించుము. యేసు నామములో వేడుకొంటున్నాము. ఆమేన్.